చివర నడిచే మనిషి

అడవి దారిలో జనాన్ని నడిపించడానికి ఇద్దరు కావాలి. ముందు నడిచేవాడు కథలు చెబుతాడు, పేరు తెచ్చుకుంటాడు, చివర్లో చప్పట్లు కొట్టించుకుంటాడు. వెనక నడిచే మనిషి తలలు లెక్కపెడుతుంది, చెప్పు తెగినవాళ్ళకు తాడు ముక్క ఇస్తుంది, పొదల చాటుకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా అటు తిరిగి నిలబడుతుంది. ఆఫీసు కాగితాల్లో ఆ పనికి సహాయకురాలని పేరు. గేటు దగ్గర మాత్రం ఆమెను తోకమ్మ అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. తొమ్మిదేళ్ళకు ఆ పిలుపుకే పలకడం అలవాటైపోయింది.

ఆ మంగళవారం తోకమ్మ ముందు పద్దెనిమిది వీపులున్నాయి. అన్నిటికన్నా ముందున్న వీపు అన్నయ్యది. గోధుమరంగు చొక్కా, భుజాన నీళ్ళ సీసా, చేతిలో కర్ర. దారి పాత ఊరి వైపు ఎక్కుతోంది. ఎప్పుడో ఎవరో పరిచిన రాళ్ళ మీద బండి చక్రాలు కోసిన గాడులు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె చేతికర్ర కొసకు ఇనప పొన్ను ఉంది. మలుపు రాగానే దాన్ని రాతి మీద ఒకసారి కొట్టింది. అన్నయ్య ఎడమకు తిరిగాడు. మరో నలభై అడుగుల తర్వాత రెండుసార్లు కొట్టింది. కుడికి తిరిగాడు.

"ఎందుకమ్మా అలా కొడుతున్నావు?" అని ఆమె ముందున్న లావుపాటి ఆవిడ అడిగింది.

"పాములు తప్పుకుంటాయండీ."

ఆవిడ నడక వేగం పెంచింది. ఆ జవాబులో ఉన్న సుఖం అది.

ఆ చప్పుడు పాముల కోసం కాదు, అన్నయ్య కోసం. ఒకటి కొడితే ఎడమ, రెండు కొడితే కుడి, మూడు కొడితే ఆగు. అతని రెండు కళ్ళలోనూ శుక్లాలు. రెండేళ్ళ కిందట పట్నం వెళ్ళి ఆపరేషన్ చేయించుకొచ్చాడు. ఇద్దరూ వెళితే దారి మూసెయ్యాలి కాబట్టి ఆమె వెంట వెళ్ళలేదు. కట్లు విప్పాక, మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టుందన్నాడు. దారిని పాదాలు గుర్తుపెట్టుకున్నాయి, మిగిలింది ఆమె కర్ర చూసుకుంటుంది. గైడుకు చూపు లేదని ఆఫీసుకు తెలిస్తే చొక్కాకున్న లైసెన్సు బిళ్ళ పోతుంది. బిళ్ళతోపాటు గేటు వెనక ఇచ్చిన రెండు గదులూ పోతాయి. ఏటేటా లైసెన్సు కాగితంలో "చూపు సరిగా ఉన్నది" అన్న గడిలో టిక్కు పెట్టేది కూడా ఆమే. అబద్ధానికి అన్నయ్య యజమాని అయితే ఆమె గుమాస్తా.

పాత ఊళ్ళో అన్నయ్య విజృంభించాడు. పైకప్పులు లేని ఇళ్ళ మధ్య, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులో నిలబడి, "ఈ ఇళ్ళ గోడ ఒకటేనండీ. ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే పక్కింటివాళ్ళకు దెబ్బలు తగిలేవి" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ వస్తుందో, ఎంతసేపుంటుందో ఆమెకు తెలుసు. నవ్వు అయ్యేలోపల తలలు లెక్కపెట్టింది. పద్దెనిమిది.

సందు చివర మందపాటి గోడల కట్టడం ఉంది. అదే ఖజానా. అన్నయ్య కథలన్నిటికీ తలమానికం అది. కాపలావాళ్ళు, తాళాలు, నమ్మకద్రోహం చేసిన లెక్కలవాడు, అన్నీ ఉంటాయందులో. ముందు రోజే ఆఫీసువాళ్ళు వచ్చి అక్కడ పాత బోర్డు పీకేసి కొత్తది పాతి వెళ్ళారు. పొద్దున్న జనం రాకముందు దారి చూసుకోవడానికి ఇద్దరూ వచ్చినప్పుడు, ఏం రాశారని అన్నయ్య అడిగాడు. ఆమె చదువుకుంది. చాలాకాలం దీన్ని ఖజానాగా పొరబడ్డారనీ, తవ్వకాల్లో దొరికిన ఆనవాళ్ళను బట్టి ఇది గొర్రెల దొడ్డి అనీ రాసి ఉంది.

పాతికేళ్ళుగా చెబుతున్న కథ. చూపు పోయిన మనిషికి కథ కూడా పోతే ఏం మిగులుతుంది? "ఖజానా అనే రాశారన్నయ్యా. గోడల కొలతలు కూడా వేశారు" అంది.

"రాయక ఏం చేస్తారు?" అన్నాడు అన్నయ్య.

ఆ రోజు కథ చెబుతున్నంతసేపూ అతను బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాడు. బోర్డులో ఒక్క అక్షరం ఎవరికీ కనబడలేదు. అదృష్టం అనుకుని ఆమె ఊపిరి పీల్చుకుంది.

తిరిగి వచ్చేసరికి గేటు గుమాస్తా ఉత్తరం పట్టుకుని కిటికీలోంచి పిలిచాడు. అతనికి లోకంలోని ఉత్తరాలన్నీ తనవే.

"మీ అన్నగారి పేరున వచ్చింది, పని నీది. పై ఊరికి దారి తెరుస్తున్నారట. దానికి గైడు కావాలట. ఐదేళ్ళు దారిలో పనిచేసిన వాళ్ళెవరైనా రావచ్చు, సహాయకులు కూడా. శుక్రవారం పదింటికి అక్కడే నడక పరీక్ష. వెళ్ళు తోకమ్మా. ఎన్నాళ్ళని ఈ వీపుల వెనక?"

పై ఊరు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ముళ్ళకంప తప్పించి, ఒక్కో గడపా బయటపెట్టి, నలభై ఒక్క ఇళ్ళు లెక్క తేల్చింది. ఒక ఇంట్లో పొయ్యి రాళ్ళు మూడూ మసితో సహా ఉన్నాయి. అవి చూసిన రోజు ఆమె అక్కడే కూర్చుని, ఎదురుగా మనుషులున్నట్టు పైకే మాట్లాడింది. ఈ ఇంటావిడ ఎంత ఎత్తుండేదో ఈ పొయ్యిని బట్టి చెప్పవచ్చండీ, అని. చెప్పాక సిగ్గుపడి అటూ ఇటూ చూసింది. అలా చెప్పడం ఆమెకు కావాలి. తన ముందు ఎవరి వీపూ లేకుండా ఒక్క దారి నడవాలి. తొమ్మిదేళ్ళలో ఆమె చూసిన అడవిలో సగం చొక్కాలే.

ఉత్తరం సంగతి అన్నయ్యకు చెప్పక తప్పదు, గుమాస్తా నోరు ఊరుకోదు. అసలు తేదీ చెబితే శుక్రవారానికి అన్నయ్యకు జ్వరమైనా వస్తుంది, జనమైనా వస్తారు. నాలుగేళ్ళ కిందట ఆమెను వంటపని శిక్షణకు పిలిచినప్పుడు అతనికి నడుం పట్టేసింది. నిరుడు పట్నంలో ఉద్యోగం అన్నప్పుడు రెండు రోజులు అన్నం మానేశాడు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. కుక్కిన పేనులా పడి ఉంది.

అందుకని గది గుమ్మంలో నిలబడి ఉత్తరం అంతా ఉన్నదున్నట్టు చదివి, తేదీ దగ్గర మాత్రం, "వచ్చే నెల పదో తారీకు" అంది. కళ్ళు ఎత్తకుండా అంది. ఎత్తినా ఒకటే అనుకుంది మళ్ళీ.

అన్నయ్య మంచం మీద కూర్చుని పాదాలు పిసుక్కుంటున్నాడు. "నెలుంది కదా. అప్పటికి చూద్దాం."

"నేను వెళ్తే నీకేం ఇబ్బంది లేదుగా?"

"నాకేం ఇబ్బంది? నా కళ్ళే బాగుంటే నేనే తీసుకెళ్ళి దింపేవాణ్ణి."

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. అబద్ధం చెప్పినందుకు తనను తాను తిట్టుకుంది. ఉత్తరాన్ని మూడు మడతలు పెట్టి గూట్లో టార్చిలైటు కింద ఉంచింది. చూపులేని మనిషి దగ్గర కాగితం దాచేదేముంది?

ఆ రాత్రి గాలీ వానా వచ్చాయి. బుధవారం పొద్దున దారంతా ఆకులు. ముందుగా వెళ్ళి చూసే తీరిక దొరకలేదు, జనం తొందరగా వచ్చేశారు. పన్నెండుమంది. రాళ్ళు జారుతున్నాయి. వెనక ఒకాయన చెప్పులు చేతబట్టుకుని నడుస్తూ, ఈ దారికి సిమెంటు ఎందుకు వెయ్యరని ఆమెతో వాదన పెట్టుకున్నాడు. ఆమె తలెత్తేసరికి ముందు మలుపులో కొమ్మ ఒకటి విరిగి దారికి అడ్డంగా వేలాడుతోంది, సరిగ్గా మొహానికి తగిలే ఎత్తులో. అన్నయ్యకూ దానికీ మధ్య రెండడుగులు. మూడు దెబ్బలు కొట్టడానికి కర్ర ఎత్తింది కానీ కాలు జారి అది పక్కకుపోయింది.

అన్నయ్య మాట ఆపకుండా తల వంచాడు. కొమ్మ కింద నుంచి దాటి, వెనక్కి తిరిగి, ఒక చేత్తో దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. పన్నెండుమందీ దాని కిందగా వెళ్ళారు. చివరగా ఆమె వెళ్ళింది.

"ఎలా తెలిసింది?" అంది, వాళ్ళు ముందుకు సాగాక.

"ఆకుల చప్పుడు. చెవులున్నాయిగా" అన్నాడు. కొమ్మ వదిలేసి ముందుకు నడిచాడు.

నిజమే కావచ్చు. చూపు తగ్గినవాళ్ళకు చెవులు పెరుగుతాయంటారు. ఆమె అలాగే అనుకుంది. కానీ ఆ పూట మిగిలిన దారంతా తలలు లెక్కపెట్టడం రెండుసార్లు మరిచిపోయింది.

మధ్యాహ్నం సరుకులకు వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చింది. అన్నయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చెప్పులకు ఎర్రమట్టి ఉంది. పాత ఊరి దారిలో మట్టి నల్లన. ఆమె సంచి దింపకముందే అతనన్నాడు:

"శుక్రవారం ముప్పైమంది వస్తున్నారు. బస్సు కంపెనీలో రిటైరైనవాళ్ళు. నేనే ఒప్పుకున్నాను."

"శుక్రవారమా?"

"తొమ్మిదింటికి మొదలు. పన్నెండు దాకా పడుతుంది. పెద్దవాళ్ళు, మెల్లిగా నడుస్తారు. ఏం, నీకేమైనా పనుందా?"

ఆమె ఉల్లిపాయలు సంచిలోంచి తీసి బుట్టలో వేసింది. ఒక్కొక్కటే వేసింది. పనుందంటే ఏం పనో చెప్పాలి. చెబితే తేదీ మార్చి చదివిన సంగతి తేలాలి. తేలు కుట్టిన దొంగ నోరెత్తడు. "ఏం లేదు" అంది.

"అయితే సరే" అన్నాడు అన్నయ్య. ఆ మొహంలో సంతోషమూ లేదు, విచారమూ లేదు. ఎప్పటిలాగే ఆమె భుజం పక్కనున్న గోడ వైపు చూస్తున్నాడు.

గురువారం పొద్దున గేటు దగ్గర గుమాస్తాను అడిగింది. శుక్రవారం ఎవరినీ రాసుకోవద్దని మంగళవారమే అతనికి చెప్పి ఉంచింది.

"నేను రాసుకోలేదమ్మా. వాళ్ళడిగింది శనివారం. మీ అన్నగారే ఫోను లాక్కుని, శుక్రవారమైతేనే కుదురుతుందన్నాడు. వాళ్ళు నసిగారు కూడా. ఈయన పట్టుబట్టాడు."

"మీరు ఉత్తరం తేదీ చెప్పారా అన్నయ్యకి?"

"నేనా? ఆయన నన్నడిగిందే లేదు. ఇంట్లో చదివి పెట్టే మనిషుండగా నన్నెందుకడుగుతాడు?"

ఆమె ఇంటికి వచ్చింది. అన్నయ్య పెరట్లో నీళ్ళు తోడుకుంటున్నాడు. గూట్లో టార్చిలైటు ఉన్నచోటే ఉంది. దాని కింద ఉత్తరం ఉంది. రెండు మడతలు పెట్టి ఉంది.

మూడు మడతలు పెట్టింది తను. మూడో మడత గీత కాగితం మీద అలాగే ఉంది. ఆమె దాన్ని వేలితో మెల్లగా రుద్దింది, గీత చెరిగిపోతుందేమో అన్నట్టు. మంచం మీద కూర్చుంది.

అయినా ఆశ చావలేదు. గాలికి కిందపడి ఉండవచ్చు. ఎత్తిపెట్టి ఉండవచ్చు. మధ్యాహ్నం అన్నం వడ్డించేటప్పుడు ఆమె ఒక పని మానేసింది. రెండేళ్ళుగా కంచం పెట్టిన ప్రతిసారీ, "కూర కుడిపక్క, నీళ్ళు ఎడమపక్క, వేడిగా ఉంది" అని చెబుతుంది. ఈసారి చెప్పలేదు. నీళ్ళ గ్లాసును ఎడమపక్కన కాకుండా కంచానికి ఎదురుగా, అంచు వరకూ నింపి పెట్టింది. పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

అన్నయ్య చెయ్యి కంచం మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత తడమడం మొదలుపెట్టింది. ఎడమపక్క తడిమింది, కుడిపక్క తడిమింది. ఎదురుగా కూడా వచ్చింది. గ్లాసు చుట్టూ గుండ్రంగా తిరిగింది. వేలెడు దూరంలో, ఒక్కసారి కూడా తగలకుండా తిరిగింది. చుక్క ఒలకలేదు.

"నీళ్ళెక్కడ పెట్టావమ్మా?" అన్నాడు.

"నీ ఎదురుగా ఉన్నాయన్నయ్యా" అంది.

ఇంకేమీ అనలేదు. అంటే ఏమవుతుంది? కనబడటం లేదంటాడు. కనబడటం లేదన్న మనిషికి కనబడుతోందని ఎవరు రుజువు చెయ్యగలరు? ఆఫీసుకు వెళ్ళి చెబితే, మరి ఇన్నేళ్ళు టిక్కు పెట్టిందెవరంటారు. చెప్పకపోతే కర్ర కొట్టుకుంటూ వెనకే నడవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండిటి మధ్యా కూర్చుని ఆమె మజ్జిగ పోసింది. రెండేళ్ళు అని మనసులో లెక్కవేసుకుంది. రోజుకు రెండు నడకలు, నడకకు నలభై మలుపులు. ఆ దెబ్బలన్నీ రాళ్ళకే తగిలాయి.

శుక్రవారం తొమ్మిదింటికి బస్సు వచ్చింది. ముప్పైమంది దిగారు. దిగీదిగగానే డ్రైవర్లందరూ ముందుకు వెళ్ళారు, కండక్టర్లందరూ వెనక నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, అలవాటు. ఆమెకు సరిగ్గా ముందు ఎండిన కట్టెలాంటి ముసలి కండక్టరు నడుస్తున్నాడు. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"మీరు చూడక్కర్లేదు బాబాయ్, నేనున్నాను" అంది ఆమె.

"ముప్పై ఏళ్ళు వెనక తలుపు దగ్గరే నిలబడ్డాను తల్లీ. ముందు అద్దంలోంచి రోడ్డు ఎలా ఉంటుందో రిటైరయ్యాకే చూశాను. మా అబ్బాయి ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు. భయమేసింది."

"భయమెందుకు?"

"అంతా ఒకేసారి మీదికొచ్చేస్తుంటే భయం కాదూ?" అని అతను నవ్వాడు. పైపళ్ళు రెండు లేవు.

మొదటి మలుపు వచ్చింది. ఆమె కర్ర ఎత్తి, దించేసింది. కొట్టలేదు. ముందున్న గోధుమరంగు వీపు కాస్త తడబడింది, వెనక్కి తిరగబోయి ఆగింది, ఎడమకు తిరిగింది. రెండో మలుపులోనూ కొట్టలేదు. మూడో మలుపులోనూ కొట్టలేదు. అన్నయ్య గొంతులో కథలు సాగుతూనే ఉన్నాయి కానీ మధ్యమధ్య మాట వెతుక్కుంటున్నాడు. గోడ ఒకటేనండీ అన్న చోట జనం నవ్వారు. అతను నవ్వలేదు.

ఖజానా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై ఐదు. సందు ఇరుకు. జనం వరుసగా నిలబడ్డారు. అన్నయ్య బోర్డుకు వీపు ఆనించి కాపలావాళ్ళ కథ, తాళాల కథ, లెక్కలవాడి కథ చెప్పాడు. కథ అయ్యాక ముందున్న డ్రైవర్లలో బొద్దు మీసాలాయన అతని భుజం మీదుగా తొంగిచూశాడు.

"మీరు కాస్త పక్కకు జరిగితే అది కూడా చూస్తాం. నా కళ్ళద్దాలు బస్సులో మరిచిపోయాను. ఏం రాశారు, చదవండి."

"ఇదేనండీ. ఖజానా గురించే" అన్నాడు అన్నయ్య.

"చాలా రాసినట్టుందే. చదవండి, వింటాం. వెనకవాళ్ళకు బోర్డే కనబడటం లేదు."

అన్నయ్య పక్కకు జరిగాడు. బోర్డు అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. ఇలాంటప్పుడు ఆమె వెనక నుంచి చకచకా వెళ్ళి, "అన్నయ్యకు గొంతు బాగాలేదండీ" అని తనే చదివేది. అతను ఆమె కోసం ఆగాడు. జనం అతని కోసం ఆగారు.

"అమ్మాయ్, ఇలా రా. వీళ్ళకు చదివిపెట్టు" అని పిలిచాడు.

ఆమె కదలలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

"నువ్వే చదువన్నయ్యా" అంది. మామూలు గొంతుతోనే అంది.

బొద్దు మీసాలాయన అన్నయ్య మొహంలోకి వింతగా చూశాడు. చూపు లేదని ఒప్పుకుంటే ముప్పైమంది సాక్షుల ఎదుట బిళ్ళ పోతుంది. ఖజానా అని చదివితే, కళ్ళద్దాలున్నవాళ్ళు ఇంకా ఇరవైమంది ఉన్నారు. ఆమె రెండేళ్ళుగా నిలబడ్డ చోట ఇప్పుడు అతను నిలబడ్డాడు. ఆమెకు సంతోషం కలగలేదు. కలుగుతుందనుకుంది, కలగలేదు.

అన్నయ్య గొంతు సవరించుకుని చదివాడు.

"ఈ కట్టడం గోడల మందం మూడడుగులు. చాలాకాలం దీన్ని ఖజానాగా పొరబడ్డారు. తవ్వకాల్లో దొరికిన ఆనవాళ్ళను బట్టి ఇది," అని ఆగి, మళ్ళీ అన్నాడు, "ఇది గొర్రెల దొడ్డి. క్రూరమృగాల నుంచి మందను కాపాడటానికి గోడలు ఇంత మందంగా కట్టారు." కింద చిన్నక్షరాల్లో ఉన్నది కూడా చదివాడు, బోర్డు పెట్టిన నెలా సంవత్సరంతో సహా. ఒక్క చోట కూడా తడుముకోలేదు.

బొద్దు మీసాలాయన పకపకా నవ్వాడు. "అయితే ఆ లెక్కలవాడు గొర్రెలు లెక్కపెట్టేవాడన్నమాట." అందరూ నవ్వారు. కడుపుబ్బ నవ్వారు. ఈ దారిలో ఇంత నవ్వు ఎప్పుడూ రాలేదు. అన్నయ్య కూడా నవ్వే ప్రయత్నం చేశాడు.

ఆమె కండక్టరు చేతికి కర్ర ఇచ్చింది. "బాబాయ్, గేటు దాకా తలలు చూసుకుంటారా? మీతో కలిపి ముప్పై."

"చూసుకుంటాను తల్లీ. ముప్పై ఏళ్ళు చేసిందదేగా" అని అతను కర్ర తీసుకుని వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

గోడకు ఒరుసుకుంటూ, ఒక్కొక్క మనిషినీ దాటుకుంటూ ఆమె ముందుకు వెళ్ళింది. అన్నయ్య ఎదురుగా ఆగింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. భుజం పక్కకు కాదు, కళ్ళలోకి. రెండేళ్ళలో అదే మొదటిసారి. తన తల నెరిసిందని అన్నయ్యకు ఎప్పుడో తెలిసి ఉంటుందని ఆమెకు అప్పుడు తట్టింది.

"కట్లు విప్పిన మర్నాడే కనబడింది" అన్నాడు అన్నయ్య మెల్లగా. "చెబుదామనే అనుకున్నాను. చెబితే వెళ్ళిపోతావని."

"వెళ్తే ఏమయ్యేది?"

అతను గోడవైపుకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె పక్కనుంచి దాటి నాలుగడుగులు వేశాక వెనక నుంచి అన్నాడు:

"పై ఊరికి కింది దారిన వెళ్ళకు. వాగు మీద వంతెన పలకలు రెండు ఊడిపోయాయి. పైదారిన పో."

ఆమె ఆగింది. కింది దారిన అయితే అరగంట. పైదారిన అయితే ఎంత పరుగెత్తినా ముప్పావు గంట దాటుతుంది, పరీక్ష అయిపోతుంది. "ఎవరు చెప్పారు?" అంది.

"బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. చూశాను."

రెండు దారులూ చీలే చోట ఆమె ఎంతోసేపు నిలబడలేదు. రెండేళ్ళు చూస్తూ చూడలేదన్న మనిషి, ఇప్పుడు చూశానంటే ఎందుకు నమ్మాలి? ఇదీ ఆకుల చప్పుడు లాంటి మాటే. ఇదీ నడుం పట్టేయడమే. కింది దారిన దిగింది. వానకు కోసుకుపోయిన ఎర్రమట్టిలో కాళ్ళు చీలమండల దాకా దిగబడుతున్నాయి. పాతికేళ్ళ మనిషిలా పరుగెత్తింది, యాభై ఏళ్ళ మనిషిలా ఆయాసపడింది. అన్నయ్యను ఏమేం తిట్టాలో అన్నీ తిట్టింది, పైకే.

వాగు దగ్గర ఆగింది. వంతెన మధ్యలో పలకలు రెండు లేవు. సరిగ్గా రెండు. కింద బురదనీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఒడ్డు మట్టిలో చెప్పుల గుర్తులు ఉన్నాయి, వంతెన దాకా వచ్చి వెనక్కి వెళ్ళినవి. ఇటు దారి మూసుకుపోయిందా అని చూసి సంతోషించడానికి వచ్చాడో, ఆమె వెళ్ళే దారి ఎలా ఉందోనని వచ్చాడో ఆ గుర్తులు చెప్పవు. అతను అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అబద్ధమైతే కోపం తేలిగ్గా మోసుకుపోవచ్చు.

చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, దూలం మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని, కొంచెం కొంచెంగా జరిగింది. మేకు ఒకటి గీరుకుని తొడ దగ్గర చీర చిరిగింది. మధ్యలో ఒకసారి కిందికి చూసింది. ఇక చూడకూడదని తెలుసుకుని, అవతలి ఒడ్డున ఉన్న ఎర్రరాయి మీద కళ్ళు పెట్టింది. ఎదురుగా ఎవరి వీపూ లేదు. ముసలి కండక్టరు చెప్పింది నిజమే, భయమేసింది.

పై ఊరి దారి మొదట్లో ఆఫీసరు బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. పెందలాడే వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళ పరీక్ష పదికి ముందే అయిపోయింది, వాళ్ళు పక్కన నీళ్ళు తాగుతున్నారు. ఆఫీసరు ఆమె చీర వంక, మట్టికాళ్ళ వంక, తర్వాత తన వాచీ వంక చూశాడు.

"నాలుగు నిమిషాలు ఆలస్యం."

"కింది వంతెన పలకలు రెండు ఊడిపోయాయండి. జనం అటు రాకుండా తాడు కట్టించాలి. ముందు అది రాసుకోండి."

అతను ఆమె వైపు ఇంకోసారి చూసి పుస్తకం తెరిచాడు. దారి బాగోగులు రాసే పుస్తకం అది. ప్రమాదం ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు అని మూడు గళ్ళు ఉంటాయి.

"చూసింది మీరేనా?"

నేనే అనడం తేలిక. నేనే అంటే అన్నయ్య చూపు ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. రేపు మళ్ళీ కళ్ళు మసకబారుతాయి, ఎల్లుండి కర్ర మళ్ళీ చేతికొస్తుంది. ఆమెకు ఆయాసం ఇంకా తీరలేదు. చిరిగిన చీర అంచును గుప్పిట్లో పట్టుకుంది.

"మా అన్నయ్యండి. పాత ఊరి దారి గైడు. బుధవారం మధ్యాహ్నం చూశాడు."

"ఎవరితో వచ్చాడు?"

"ఒక్కడే వచ్చాడు. ఆయన చూపు బాగుంది, ఒక్కడే నడవగలడు. అది కూడా రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నాడు. గడి చాలక పక్కకు ఒరిగించి రాశాడు. పుస్తకం మూసి లేచి, ప్యాంటు దులుపుకుని, ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కుర్రాళ్ళిద్దరూ కూడా సీసాలు మూసి అతని వెనక చేరారు.

"ఊఁ, పదండి" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి ముగ్గురినీ లెక్కపెట్టింది. తర్వాత నడవడం మొదలుపెట్టింది.